తాడు వదలనివాడి వాటా

మొన్న నరసాపురంలో ఒక హైస్కూలు వాళ్ళు తమ ఆటల పోటీలకి నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. ముఖ్య అతిథి అంటే ఏముంది లెండి, ఎమ్మెల్యే గారికి తీరిక లేక, బ్యాంకు మేనేజరు గారికి బదిలీ అయిపోయి ఉన్నప్పుడు మనలాంటి వాళ్ళు గుర్తుకొస్తారు. శాలువా కప్పి, మెడలో దండ వేసి, మడతకుర్చీలో కూర్చోబెట్టారు. అంతవరకూ బాగానే ఉంది. మైకు పట్టుకున్న మాస్టారు, నేను పరిగెత్తే రోజులకి ఆయన ఉయ్యాల్లో ఉండి ఉంటారు, నా గురించి చెబుతూ చెబుతూ ఒక్కసారిగా గొంతు పెంచి, ఈయన విదేశీ గడ్డ మీద తోటి ఆటగాడి గెలుపు కోసం తన గెలుపును త్యాగం చేసిన మహానుభావుడు అనేశారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ మాట ఆయనకి ఏ ఫోన్లో దొరికిందో నాకు తెలియదు. పిల్లల ముందు పేచీ ఎందుకని ఊరుకున్నాను గానీ, ఆటోలో ఇంటికొచ్చేదాకా గొణుక్కుంటూనే ఉన్నాను. ఆటో అబ్బాయి అద్దంలోంచి నన్ను అనుమానంగా చూస్తూనే ఉన్నాడు.

నేను ఏ త్యాగమూ చెయ్యలేదండి. చెయ్యమన్నారు, చెయ్యలేదు. దానికి చీవాట్లు తిన్నాను, క్యాంపులోంచి పొమ్మంటే వచ్చేశాను, ఇన్నేళ్ళలో ఒక్కనాడూ అయ్యో అనుకోలేదు. తీరా ఇప్పుడు శాలువా కప్పి నా చేత ఆ త్యాగం చేయించేస్తారా? నా ఈడు వాళ్ళకైనా, మైదానంలో ఒక చెవి రేడియోకి అప్పగించి పెరిగిన మన తరం వాళ్ళకైనా, అసలు సంగతి చెప్పి ఉంచుదామని ఇది రాస్తున్నాను.

మాది నరసాపురం దాటి సముద్రం వైపు పోతే, తారురోడ్డు ఇసుకలో కలిసిపోయే చోట ఉన్న ఊరు. చేపలు పట్టే కుటుంబాలం. నా చిన్నతనంలో మా ఒడ్డున అలివి వల లాగేవారు. తెలియని వాళ్ళ కోసం చెబుతాను. పడవ మీద వెళ్ళి పెద్ద వలని సముద్రంలో అర్ధచంద్రంలా వదిలి వస్తారు, దాని రెండు కొసలకీ కట్టిన తాళ్ళని ఒడ్డు మీద రెండు జట్లు పట్టుకుని, కాళ్ళు ఇసుకలో పాతుకుని, వల గట్టెక్కేదాకా లాగుతారు. ఆ వల మా పెద్దనాన్నది. అక్కడ చట్టం కూడా ఆయనదే. తాడు మీద చెయ్యి వేసి లాగినవాడికి వాటా ఉంది, వాడు మన ఊరివాడా, దారిన పోతూ ఆగినవాడా అన్నది లేదు. ఎంత పెద్దవాడైనా చేతులు కట్టుకుని నిలబడితే మాత్రం ఒక్క నెత్తడి చేప కూడా రాదు.

ఇంకో చట్టం ఉంది, అది మొదటిదానికంటే గట్టిది. తాడు వదలాలంటే ఊరికే వదలకూడదు. చేతులు బొబ్బలెక్కినా, కళ్ళు తిరిగినా, పక్కవాణ్ణి చూసి “అందుకున్నావా?” అని అడగాలి. వాడు “అందుకున్నా” అనాలి. అప్పుడే చెయ్యి తియ్యాలి. అలా అడక్కుండా ఎవడైనా చెయ్యి తీశాడా, వెనకున్న నలుగురూ వెల్లకిలా పడతారు, వల బరువుకి తాడు మళ్ళీ సముద్రంలోకి పోతుంది, వాడికి ఆ రోజు వాటా ఉండదు సరికదా, వారం రోజులు ఆడవాళ్ళు కూడా వాణ్ణి చూసి నవ్వుతారు. మీసం రాని పిల్లలకి అరవాటా. నాకు మీసం వచ్చినా పెద్దనాన్న ఎందుకో అరవాటాయే పెట్టేవాడు. బడికి పోయేవాడివి, పూటలో సగమే లాగుతావు కదరా అనేవాడు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండేది, అయినా న్యాయమే కాబట్టి పెట్టింది పట్టుకుపోయేవాణ్ణి.

పరుగు నాకు ఎవరూ నేర్పలేదు. అమ్మ గంప ఎత్తుకుని చేపలమ్మడానికి బస్సెక్కితే ఎప్పుడూ ఏదో ఒకటి మరిచిపోయేది, కత్తో, తక్కెడో. అక్క లేసు అల్లుకుంటూ గుమ్మంలో కూర్చుని చేతిలో దారం వదలకుండానే, ఒరేయ్ అమ్మ తక్కెడ వదిలేసిందిరా అని కేకేసేది. అంతే, నేను బస్సు వెనక పడేవాణ్ణి. మా రోడ్డు బస్సులు ఎలా నడిచేవో మీకు తెలుసు కదా, గుంటకో మొక్కు మొక్కుకుంటూ పోయేవి, అందుకని చాలాసార్లు అందుకునేవాణ్ణి. నా మొదటి పోటీ ఆర్టీసీ వాళ్ళతోనే.

హైస్కూల్లో మా డ్రిల్లు మాస్టారు పాలకొల్లు వైపు రైతు కుటుంబం నుంచి వచ్చినాయన, తెల్లచొక్కా నలగనిచ్చేవారు కాదు. అప్పుడప్పుడే మా వైపు వరిచేలన్నీ రొయ్యల చెరువులుగా మారుతున్న రోజులు. తెల్లారగానే ఆ చెరువు గట్ల మీద నన్ను ముందు పరిగెత్తించి, ఆయన లూనా వేసుకుని వెనక వచ్చేవారు. మొదటి రోజే కాపలావాళ్ళు నేను రొయ్యలు దొంగిలించి పారిపోతున్నాననీ, మాస్టారు తరుముతున్నారనీ అనుకుని, ఎదురొచ్చి నన్ను పట్టుకుని రెండు తగిలించారు. మాస్టారు లూనా దిగి, “మా పిల్లాడండీ, పందేనికి తయారవుతున్నాడండీ” అని వాళ్ళకి గారూ అండీ పెట్టి చెప్పేసరికి, కొట్టినవాళ్ళే సిగ్గుపడి మాకు కొబ్బరిబొండాలు ఇచ్చారు. ఆ గట్ల మీద ముందు మనిషిని దాటాలంటే చోటు ఉండదు, కాబట్టి దూరం నుంచే తప్పుకోండీ తప్పుకోండీ అని అరుస్తూ పోవడం నాకు అలవాటైపోయింది. ఈ అలవాటు సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

జిల్లా అయింది, రాష్ట్రం అయింది, జూనియర్లలో దేశం మొత్తం మీద రెండోవాణ్ణి అయ్యాను. పదిహేను వందల మీటర్లు నా పందెం, అంటే మైదానం చుట్టూ నాలుగు చుట్లకి కాస్త తక్కువ. మొదటివాడు ఉత్తరాది కుర్రాడు, పాలూ నెయ్యీ మీద పెరిగినవాడు, నాకంటే జానెడు పొడుగు. ఇద్దర్నీ కలిపి అంతర్జాతీయ జూనియర్ల పోటీలకి ఎంపిక చేసి, పరాయి రాష్ట్రంలో క్యాంపులో పెట్టారు. అక్కడ రొట్టెలు తినలేక చచ్చేవాణ్ణి. హిందీ ఒక్క ముక్క వచ్చేది కాదు. పెద్ద కోచ్ గారు ఏం చెప్పినా, ఆయన కింద పనిచేసే తెలుగాయన నాకు తిప్పి చెప్పేవారు. ఆయనది తెలంగాణ. మంచివాడే పాపం, ఆయన్ని నేనేమీ అనను.

పోటీలు తూర్పు దేశాల్లో ఒక పట్నంలో జరిగాయి. విమానంలో ఆ ఉత్తరాది కుర్రాడు కిటికీ సీటు తనకే కావాలని పట్టుబట్టి కూర్చున్నాడు, నాకు రెక్క కూడా కనబడలేదు. దిగాక మాత్రం ఆ ఊరి బజార్లో ఎండుచేపల వాసన తగిలేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. మిగతావాళ్ళంతా ముక్కు మూసుకుంటే నేనొక్కణ్ణే గుండెల నిండా పీల్చాను.

పందెం ముందు రోజు పెద్ద కోచ్ గారు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి హిందీలో చాలాసేపు మాట్లాడారు. ఆ కుర్రాడు తలూపుతున్నాడు. నా వైపు తిరిగి తెలుగాయన క్లుప్తంగా, “నువ్వు ముందల ఉండి గుంజాలె” అన్నారు. నాకు అర్థం కాలేదు. మా వైపు అందరూ లాగడమే అంటారు, గుంజ అంటే పాకకి పాతేది, గుంజీలంటే బళ్ళో పంతులుగారు తీయించేవి. నేను ఏం తప్పు చేశానో తెలియక, “గుంజీలు ఎందుకండీ?” అన్నాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, పెద్ద కోచ్ గారికి అది హిందీలో చెప్పి ఆయన్నీ నవ్వించి, నా భుజం తట్టి, “అరె, లాగుడు రా. తాడు లాగుతరు చూడు, అట్ల. నువ్వు జోరుగ గుంజు, నీ వెనకాల వీడొస్తడు. ఆఖరి చుట్టుకు గంట కొట్టంగనే పక్కకు జరుగు, గడ్డిలకు పో. వాడు గెలుస్తడు” అన్నారు.

లాగడం అనగానే అర్థమైంది. అర్థమైంది కాబట్టే అడిగాను, మరి నా వాటా ఏంటండీ అని. ఆయన మొహం చిట్లించి, మెడల్ దేశానికొస్తది, ఇంక నీ వాటా ఏంది అన్నారు. ఇంకోటి కూడా అడిగాను. వదిలేటప్పుడు ఆ కుర్రాడు అందుకుంటాడా అండీ అని. ఆయనకి విసుగొచ్చి, అందుకుంటడు తియ్ అని లేచిపోయారు.

గడ్డిలోకి పోవడమంటే ఏంటో పరుగు తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. పందెం పూర్తి చెయ్యనివాడికి స్థానం ఉండదు. మొదటివాడి నుంచి చివరివాడి దాకా అందరికీ ఒక లెక్క ఉంటుంది, మధ్యలో ఆగినవాడికి మాత్రం అంకె బదులు ఒక గీత పెడతారు. నేను కడుపునొప్పి వచ్చి ఆగిపోయినవాడితో సమానం అయిపోతాను. ఊళ్ళో నాన్నకి పందేల సంగతి తెలియదు, ఆయన నన్ను అడగబోయేది ఒక్కటే ప్రశ్న, చివరిదాకా ఉన్నావా అని. లేను నాన్నా, గట్టెక్కకముందే వదిలేశాను, వదలమన్నారు అని చెప్పాలి. నాకు కోపం వచ్చింది. ఆ కుర్రాడి మీద కాదు, అతని పొడుగు మీదా కాదు. లాగేవాడికి వాటా లేదని అంత తేలిగ్గా ఒక మనిషి అనగలగడం మీద వచ్చింది. అప్పటిదాకా అలాంటి మాట నేను వినలేదు.

మర్నాడు గీత దగ్గర నిలబడ్డాక చూస్తే ఎన్ని రంగుల మనుషులో. తుపాకీ పేలింది. అందరూ ఒకేసారి లోపలి అంచుకి దూసుకొచ్చారు, మోచేతులు, మోకాళ్ళు, ఇనుప ముళ్ళ బూట్లు. నేను మధ్యలో ఇరుక్కుపోయాను. ముందుకి పోవాలి, దారి లేదు. అలవాటు కొద్దీ చెరువుగట్టు మీద ఉన్నట్టే “తప్పుకోండీ, తప్పుకోండీ” అని గట్టిగా అరిచాను. నా ముందున్నవాడు ఏ దేశపువాడో, ఏమర్థమైందో, ఉలిక్కిపడి నిజంగానే పక్కకి జరిగాడు. గోదావరి జిల్లా మర్యాద ఆ దేశంలో అలా పనికొచ్చింది. నేను ముందుకొచ్చి లాగడం మొదలుపెట్టాను.

మొదటి చుట్టు లాగాను. రెండో చుట్టు లాగాను. ఊపిరి బరువెక్కుతుంటే వల బరువెక్కినట్టే ఉంది, అంటే చేప పడిందన్న మాట, అదే అనుకున్నాను. వెనక అడుగుల చప్పుడు వినబడుతోంది గానీ ఎవరివో తెలియదు. మూడో చుట్టు సగంలో మలుపు తిరుగుతూ పెద్ద తెర వైపు చూస్తే, నా వెనక ఎవరెవరో ఉన్నారు, మా కుర్రాడు లేడు. ఎక్కడో గుంపు చివర్లో వేలాడుతున్నాడు. ఆ రోజు అతని కాళ్ళు కదల్లేదు, అంతే. పరుగులో అలా జరుగుతుంది, దానికి ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు.

గంట కొట్టారు. కంచె దగ్గర పెద్ద కోచ్ గారు చెయ్యి ఊపుతూ ఏదో అరుస్తున్నారు. ఆయన పక్కనుంచి తెలుగాయన గొంతు, “జరుగు! జరుగురా!” అని. అన్ని దేశాల జనం నిండిన ఆ స్టేడియంలో నాకు అర్థమయ్యే భాషలో వినబడిన ఒకే ఒక్క మాట అది. పరుగు తీస్తూనే తల వెనక్కి తిప్పి, అడగాల్సినట్టే అడిగాను. అందుకున్నావా అని. ఎవరూ అందుకున్నా అనలేదు. అనడానికి అక్కడ మనవాడెవడూ లేడు.

ఇక్కడ మీరొక మాట అడగవచ్చు, నేనే అడిగేసుకుంటాను. అతను నా వెనకే ఉండి, అందుకున్నా అని ఉంటే వదిలేవాడివా? వదిలేవాణ్ణి కాదు. ఒడ్డు చట్టం నాకు ఆ పూట అండగా నిలబడింది గానీ, అది లేకపోయినా నేను గడ్డిలోకి పోయేవాణ్ణి కాదు. ముందు రోజు రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడే నాకా సంగతి తెలుసు. దీన్ని అహంకారం అంటారో, కొవ్వు అంటారో, మీ ఇష్టం. వదలమన్న ఆ గొంతుకి వీపు చూపించి, ఆఖరి చుట్టు కూడా నేనే లాగాను.

గెలవలేదు. ముందుండి లాగినవాడికి చివర్లో కాళ్ళుండవు. ఆఖరి వంద మీటర్లలో ముగ్గురు ఒకరి వెనక ఒకరు నన్ను దాటిపోయారు, వాళ్ళ వీపులు ఇప్పటికీ నాకు గుర్తే. నాలుగోవాడు కూడా నా భుజం దాకా వచ్చాడు. వాణ్ణి మాత్రం రానివ్వలేదు. గీత దాటి ఆ ఎర్రటి నేల మీద బోర్లా పడి, వాసన చూస్తే రబ్బరు వాసన, ఇసుక కాదు. నాలుగో స్థానం. మెడల్ లేదు. తెర మీద నా పేరుకి ఎదురుగా మాత్రం గీత లేదు, ఒక అంకె ఉంది.

తర్వాత జరిగింది చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు. అందరి ముందూ నిలబెట్టి, ఆ కుర్రాడికి, పెద్ద కోచ్ గారికి క్షమాపణ చెప్పమన్నారు. “లాగమన్నారు లాగానండి. అందుకోడానికి ఎవరూ రాలేదండి. నేను తప్పేం చెయ్యలేదండి” అన్నాను. తెలుగాయన అది హిందీలోకి తిప్పడానికి కాసేపు తటపటాయించి, చివరికి ఏం చెప్పారో నాకు తెలియదు, పెద్ద కోచ్ గారి మొహం అయితే ఇంకా ఎర్రబడింది. నా అండీలు కూడా ఆయనకి పొగరుగానే వినబడి ఉంటాయి. క్షమాపణ చెబితే క్యాంపులో ఉండవచ్చన్నారు. చెప్పలేదు. తిరుగు విమానం ఎక్కుతుంటే ఆ ఉత్తరాది కుర్రాడు నా చెయ్యి పట్టుకుని ఆపి, కిటికీ సీటు చూపించి, నన్ను అందులో కూర్చోబెట్టి తను ఇవతల కూర్చున్నాడు.  దారిపొడుగునా మేఘాలు చూశాను.

ఊళ్ళో బస్సు దిగేసరికి మధ్యాహ్నం. ఇంట్లో ఎవరూ లేరు, అందరూ ఒడ్డు మీదే ఉన్నారు, వల సగం దాకా వచ్చి ఉంది. సంచీ ఇసుకలో పడేసి నాన్న వెనక నిలబడ్డాను. నాన్న తల తిప్పకుండానే, “చివరిదాకా ఉన్నావా?” అన్నాడు. ఉన్నానన్నాను. వదలమన్నారనీ, వదల్లేదనీ, నాలుగోవాణ్ణయ్యాననీ, పంపించేశారనీ తాడు లాగుతున్న మనుషులందరూ వినేలా చెప్పాను. నాన్న తాడు ఇంకో నాలుగు పట్లు లాగాడు. తర్వాత కాస్త పక్కకి జరిగి తన ముందు చోటిచ్చి, “అందుకున్నావా?” అన్నాడు. “అందుకున్నా” అన్నాను. అప్పుడు చెయ్యి తీసి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చెమటే అనుకున్నాను. ఇప్పుడు నాకూ పిల్లలున్నారు కాబట్టి అది చెమట అని అనుకోవడం లేదు.

వల గట్టెక్కింది. పెద్దనాన్న వాటాలు పోస్తూ నా దగ్గరికొచ్చాడు. మా పిన్ని ఒకావిడ, ఊరుకోదు కదా, ఏం గెలుచుకొచ్చాడని, సగంలో వచ్చి చెయ్యేశాడు, అరవాటా కూడా ఎక్కువే అంది. పెద్దనాన్న ఆవిడ వైపు చూసి, “తాడొదల్లేదంట కదే, ఇంకేం కావాలి నీకు?” అని, నా ముందు కవళ్ళ చేపలు రెండు దోసిళ్ళు పోశాడు. ఆగి, ఇంకో రెండు దోసిళ్ళు పోశాడు. నిండు వాటా. జీవితంలో అదే మొదటిది. మళ్ళీ క్యాంపు నుంచి ఎవరూ పిలవలేదు, నేనూ పిలిపించుకోలేదు. కొన్నాళ్ళకి భీమవరంలో ఐసు ఫ్యాక్టరీలో చేరాను, ఇప్పటికీ ఆ ఉద్యోగంలోనే ఉన్నాను.

ఇప్పుడు మా ఒడ్డున అలివి వల ఎప్పుడో గానీ వెయ్యరు. వేసినా తాడు ట్రాక్టరుకి కడతారు, డ్రైవరు ఫోన్లో పాటలు పెట్టుకుని ముందుకి పోతుంటే వల వచ్చేస్తుంది. మంచిదే, ఎవరి చేతులూ బొబ్బలెక్కడం లేదు. పరుగు పందేల్లో కూడా ముందుండి లాగడానికి వేరే మనుషులుంటున్నారట, వాళ్ళు మధ్యలో తప్పుకోవడం తప్పు కాదట, దానికో పేరూ ఉందట. ముందే ఒప్పుకున్న పని కాబట్టి వాళ్ళని నేనేమీ అనను. నాకు బాధ వేసేది ఒక్కటే. ఆ ఒడ్డు మీద ఇప్పుడు అందుకున్నావా అని అడిగేవాడు లేడు, అందుకున్నా అనేవాడూ లేడు. నాన్న లేడు, పెద్దనాన్న లేడు. ఆ మాట ఇప్పుడు పలికితే, ఏం అందుకోవాలి అని మా పిల్లలే అడుగుతున్నారు.

ఆ మైకు మాస్టారు ఇది చదివితే ఒక్కటి సరిచేసుకోమని మనవి. వచ్చే ఏడు ఎమ్మెల్యే గారికి మళ్ళీ తీరిక లేకపోతే నన్ను పిలవండి, తప్పకుండా వస్తాను, శాలువా కూడా వద్దనను. త్యాగం మాట మాత్రం ఎత్తకండి. నేను తిరిగొచ్చిన రోజు సాయంత్రం ఆ కవళ్ళన్నీ అమ్మ పులుసు పెట్టింది. నా వాటా నేను తిన్నాను.